సిరిగేరి ట్యాంకుకు సరిపోయిన నూనె

ఫ్రిజ్జులకు, ఏసీలకు కావలసిన సామాను అమ్మే అంగడి మాది. బళ్ళారిలో కంటోన్మెంటుకు పోయే దారిలో ఉంది. రాగి గొట్టాలు, గ్యాసు సిలిండర్లు, ఫిల్టర్లు, కంప్రెసర్లలో పోసే నూనె డబ్బాలు, ఇవే మా సరుకు. మా ఆయన మెకానిక్కు. పొద్దున ఉగ్గాని తిని, బండికి సంచి తగిలించుకొని పోతే మళ్ళీ అంగడి తట్టు వచ్చేది మధ్యాహ్నం దాటినాకే. అంగట్లో కూర్చునేది నేను. పెండ్లికి ముందు బీయెస్సీ కెమిస్ట్రీ చదివినాను. ఆ చదువు పెండ్లిపత్రికలో నా పేరు పక్కన అచ్చయింది, అంతవరకే. ఆ తరవాత నేను కరిగించింది బెల్లం పాకం, కలిపింది ఇడ్లీ పిండి.

అంగట్లో నా పని సులువు. మెకానిక్కులు వచ్చి ఏది అడిగితే అది తీసి ఇయ్యడం. నూనె అడిగితే నూటికి తొంభైమంది అడిగేది మినరల్ ఆయిలే. భూమిలోంచి తీసిన ముడిచమురును శుద్ధి చేసి తయారుచేసే నూనె అది. మా ఆయన పని నేర్చుకున్న ఉస్తాదు కాలం నుంచి అదే పోస్తున్నారు. ఎస్టర్ ఆయిల్ అని ఇంకొకటి ఉంది. ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపి తయారుచేస్తారు. నీలం డబ్బాల్లో వస్తుంది. మా అంగట్లో అది పై అరలో దుమ్ము పట్టి ఉండేది. ఎప్పుడో ఒకరు అడిగితే స్టూలెక్కి తీసేదాన్ని.

రెండేండ్ల కింద ఎండలు ముదురుతున్న రోజుల్లో, సిరిగేరి నుంచి మా ఆయనకు పిలుపు వచ్చింది. ఆ ఊర్లో ఆడవాళ్ళు నడుపుకునే పాలసంఘం ఒకటుంది. కాలువ కింద వరి పండే ఊరు, గడ్డికి కొదవలేదు, ఇంటింటికీ ఒకటో రెండో ఎనుములు. రెండు పూటలా ఆడవాళ్ళు పాలు తెచ్చి ఒక పెద్ద స్టీలు ట్యాంకులో పోస్తారు. ట్యాంకుకు ఏసీకి ఉన్నట్టే కంప్రెసరు ఉంటుంది. పాలను నాలుగు డిగ్రీలకు చల్లబరిచి పెడితే, పొద్దున వ్యాను వచ్చి తీసుకుపోతుంది. ఆ ట్యాంకు గ్యాసు కారిపోయి చల్లదనం తగ్గిందని ఫోను. మా ఆయన పోయి, కారే చోటు కనిపెట్టి, రాగి అతుకు వేసినాడు. గ్యాసుతో పాటు నూనె కూడా కొంత పోయింది.

పదకొండు గంటలప్పుడు నాకు ఫోను చేసినాడు.

"ఏమ్మే, సిరిగేరి బస్సుకు ఆయిల్ డబ్బా ఒగటి ఏసి పంపు. మనం ఎప్పుడూ పోసే మినరలే."

"ఏం గ్యాసు పోస్తాండారు?" అని అడిగినాను. ఊరికే అడిగినాను, సిలిండరు లెక్క తెలియాలని.

"ట్వంటీటూ ఇప్పుడు యాడ దొరుకుతాండాది? ఫోర్ నాట్ సెవెన్ పోసినా. అదీ అట్లాంటిదే."

ట్వంటీటూ అంటే పాత గ్యాసు. ఓజోను పొరకు చెరుపు చేస్తుందని ప్రభుత్వం తగ్గించుకుంటూ వస్తోంది. దాని బదులు వచ్చిన కొత్త గ్యాసుల్లో ఫోర్ నాట్ సెవెన్ ఒకటి.

డబ్బాను పాత పేపర్లో చుడుతూ ఉంటే చీటీ కనపడింది. చదవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు, పొట్లం కట్టి ఇచ్చిన కాగితం కూడా విప్పి చదివేదాన్ని. ఈ నూనె ఏ ఏ గ్యాసులకు పనికొస్తుందో డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంది. ట్వంటీటూ ఉంది. ఇంకా రెండు మూడు పాతవి ఉన్నాయి. ఫోర్ నాట్ సెవెన్ లేదు. స్టూలెక్కి నీలం డబ్బా తిప్పి చూసినాను. అక్కడ ఉంది.

ఫోను చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ కింద పెట్టినాను. బస్సుకు టైము అవుతోంది. అదొక్కటే కారణం అంటే అబద్ధం. ముప్పై ఏండ్లుగా ఆ మనిషి చేసేది అదే పని. స్పానరు ఎట్ల పట్టుకోవాలో తెలియని నేను, డబ్బా మీద నాలుగు అక్షరాలు చదివి, ఇది కాదు అది పోయండి అని చెప్పడమా? పక్కన సంఘం ఆడవాళ్ళు ఉంటారు, వాళ్ళ ముందర ఆయనకు ఎట్ల ఉంటుంది? ఆయనకు తెలియకుండా ఉంటుందా, అనుకున్నాను. చేతిలో ఉన్న మినరల్ డబ్బానే కండక్టరుకు ఇచ్చి వచ్చినాను.

ట్యాంకు బాగానే చల్లబడింది. పదిరోజులు గడిచినాయి.

తరవాత సంఘం సెక్రెటరీ ఫోను చేసింది. యాభై దాటిన మనిషి. మొగుడు పొలం చూసుకుంటాడు, ఈమె సంఘం చూసుకుంటుంది. అందరూ అక్కా అనే పిలుస్తారు, నేనూ అంతే. "అప్పకు చెప్పమ్మా, మిషను రోంత మూలుగుతాండాది," అంది. అప్ప అంటే మా ఆయనే. మా ఆయన పోయినాడు. కంప్రెసరు పొట్టకు ఒక గాజు కన్ను ఉంటుంది, లోపల నూనె ఎంతవరకు ఉందో అందులో కనపడుతుంది. నూనె సగానికి దిగిపోయిందట. కింద ఒక్క చుక్క కారిన గుర్తు లేదు. ఇంకో అర డబ్బా పోసి వచ్చినాడు.

వారానికి మళ్ళీ అదే కత. మళ్ళీ నూనె దిగింది. మళ్ళీ పోసినాడు. ఇంటికి వచ్చి అన్నం ముందర కూర్చొని, తినకుండా కలుపుతానే ఉన్నాడు.

"కారల్యా. పొగ రాల్యా. నూనె యాడికి పోతాండాదో అంతు చిక్కల్యా," అన్నాడు.

ఎక్కడికి పోతోందో నాకు లీలగా తెలుస్తోంది. అయినా చెప్పకుండా చారు వడ్డించినాను.

ఆ వారమే ఒక పొద్దున ఏడు గంటలకు సెక్రెటరీ అక్క ఫోను చేసింది. ట్యాంకులో పాలు పన్నెండు డిగ్రీల దగ్గరే ఆగిపోయినాయి. వ్యాను మనిషి పరీక్ష చేసి, పులుపు తిరిగినాయి, తీసుకోనని వెళ్ళిపోయినాడు. ఆమె అరవలేదు, తిట్టలేదు. "ఒగసారి వచ్చి చూడండప్పా," అని మాత్రం అంది. ఫోను స్పీకరులో ఉంది, నేనూ విన్నాను.

ఆయన చెప్పులు వేసుకుంటున్నాడు. అప్పుడు చెప్పినాను. వాకిట్లో నిలబడి, ఉన్నదంతా చెప్పేసినాను. డబ్బా మీద చదివింది, ఫోను తీసి కింద పెట్టింది, అన్నీ.

"నూనె బయటికి పోలేదు. లోపలే ఉండాది. కంప్రెసరు నుంచి రోంత నూనె ఎప్పుడూ గ్యాసుతో పాటు పోతానే ఉంటాది కదా. పాత గ్యాసులో ఈ నూనె కరిగేది, దాంతో పాటే తిరిగి వచ్చేది. కొత్త గ్యాసులో కరగదు. నీళ్ళల్లో నూనె మాదిరి విడిగా ఉండిపోతాది. ట్యాంకు అడుగున గొట్టాల్లో పేరుకొని కూర్చోని ఉంటాది. అందుకే ఈ పక్క కంప్రెసరు ఎండుతాండాది, ఆ పక్క గొట్టాలకు నూనె పూత పట్టి పాలు చల్లబడల్యా."

ఆయన ఒక చెప్పు వేసుకొని, రెండోది వేసుకోకుండా విన్నాడు.

"ఎప్పుడు తెలుసు నీకు?"

"డబ్బా పంపేటప్పుడే అనుమానం వచ్చింది."

"ఆ పొద్దే చెప్పల్ల కదా," అన్నాడు. గొంతు పెంచలేదు. రెండో చెప్పు వేసుకొని వెళ్ళిపోయినాడు.

ఆ రోజు సాయంత్రం వచ్చినా మాట్లాడలేదు. మరుసటి రోజూ లేదు. కంప్రెసరు ఆపేసి వచ్చినాడని, సంఘం వాళ్ళు మంచు దిమ్మెలు తెప్పించి, నీళ్ళ తొట్లలో క్యాన్లు నిలబెట్టి, పాలు తొందరగా పంపించే ఏర్పాటు చేసుకున్నారని పక్కవాళ్ళతో మాట్లాడుతుంటే విన్నాను. ఆయనకు కోపం నా మీదా, తన మీదా అని నాకు తెలియలేదు. అంగట్లో కూర్చొని, ఉన్న నూనె డబ్బాలన్నీ దించి, చీటీలన్నీ చదివి, ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఎస్టర్ కంపెనీ కాగితం ఒకటి డబ్బా మూతకు అంటించి ఉంది. పాత నూనె ఉన్న మిషన్లో ఎస్టర్ పోయాలంటే ఏం చేయాలో అందులో ఉంది. ఉన్న నూనె తీసేయాలి, ఎస్టర్ పోసి నడపాలి, మళ్ళీ తీసేయాలి, మళ్ళీ పోయాలి. పాత నూనె ఇరవైలో ఒక వంతు కంటే తగ్గేదాకా అట్ల చేయాలి.

మూడో రోజు పొద్దున ఆయన అంగడి ముందర బండి ఆపి, ఇంజను ఆర్పకుండా అన్నాడు, "సిరిగేరికి పోతాండా. నీలం డబ్బాలు తీసుకో. నువ్వూ రా."

అంగడికి తాళం వేసి బండెక్కినాను. దారిలో ఆయన ఒక్క మాటే అడిగినాడు. "పాత నూనె ఎంత మిగిలిందో మనకు ఎట్ల తెలుస్తాది?" ఆలోచిస్తానన్నాను.

సంఘం గది ముందర పదిమంది ఆడవాళ్ళు ఉన్నారు. నాకు భయమేసింది. సెక్రెటరీ అక్క రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "వ్యాను వద్దన్న పాలు ఇంటింటికీ పంచుకొని తోడేసినాము. ఇంకో వారం దినాలు ఊరంతా మజ్జిగే," అంది. ఎవరో నవ్వినారు. గ్లాసు కింద పెట్టి, తప్పు మాదే అక్కా అని చెప్పబోయినాను. నాకంటే ముందు మా ఆయన చెప్పినాడు.

"తప్పు నూనె పోసినా అక్కా. ఈమెకు తెలిసింది, నాకు తెలియల్యా. సరిచేసి ఇస్తాను. నాలుగైదు సార్లు రావాల్సి వస్తాది."

అక్క ఆయన వైపు, నా వైపు చూసి, "మిషను బతుకుతాదా?" అంది.

"ఇంకా లోపల బిగుసుకొని పట్టుకుపోల్యా. బతుకుతాది."

ఆయన కంప్రెసరు రెండు పక్కలా వాల్వులు మూసి, అడుగున ఉన్న నూనె తీసినాడు. నల్లగా, పల్చగా ఉంది. ఫిల్టరు కొత్తది వేసినాడు. నీలం డబ్బా నేను తెరవబోతే చెయ్యి పట్టుకొని ఆపినాడు. "ఇప్పుడే వద్దు. ఈ నూనె గాలిలో తేమను పీల్చుకుంటాదని ఉస్తాదు కొడుకు చెప్పినాడు. నిన్న ఫోను చేసి కనుక్కున్యా. అంతా తయారైనాక మూత తీయల్ల." అంటే ఆ రెండు రోజులు ఆయన కూడా ఊరికే లేడు. పంపుతో గాలంతా లాగి, అప్పుడు మూత తీసి, ఎస్టర్ పోసి మిషను ఆన్ చేసినాడు.

మేమిద్దరం గాజు కన్ను ముందర గొంతుక్కూర్చున్నాము. మొదట ఏమీ లేదు. అరగంట దాటినాక నూనె మట్టం మెల్లగా పైకి రావడం మొదలైంది. మేము పోసిన దానికంటే పైకి. గొట్టాల్లో పేరుకున్న పాత నూనె, కొత్త నూనెతో కలిసి, గ్యాసు వెంబడి ఇంటికి తిరిగి వస్తోంది. నేను చదివింది నా కండ్ల ముందర జరుగుతోంది. మా ఆయన వేలితో గాజు మీద తట్టి, "వస్తాండాది చూడు," అన్నాడు. మూడు రోజుల తరవాత మొదటిసారి ఆ గొంతు మామూలుగా వినపడింది. సాయంత్రం పాలు ట్యాంకులోనే పోసినారు. మునుపటంత కాకున్నా చల్లబడినాయి. వచ్చేముందు, రంగు చూద్దామని ఆయన కంప్రెసరు నుంచి కొంచెం నూనె ఒక సీసాలో పట్టినాడు.

పాత నూనె ఎంత మిగిలిందో తెలుసుకోవడం ఎట్లాగో ఇంటికి వస్తూ ఉంటే తట్టింది. డిగ్రీ రెండో ఏడాదిలో ఫిజిక్సు ల్యాబులో ఒక పరికరం ఉండేది. గాజు పలకల మధ్య ఒక చుక్క ద్రవం వేసి, కంటిని ఆనించి చూస్తే, వెలుగు ఆ ద్రవంలో ఎంత వంగుతుందో అంకె చెబుతుంది. రిఫ్రాక్టోమీటరు. మినరల్‌లో వెలుగు ఎక్కువ వంగుతుంది, ఎస్టర్‌లో కొంచెం తక్కువ. రెండూ కలిసి ఉంటే అంకె మధ్యలో పడుతుంది.

మరుసటి రోజు మందుసీసాలు కడిగి ఆరబెట్టి, ఒకదాంట్లో కొత్త మినరల్, ఒకదాంట్లో కొత్త ఎస్టర్ పోసుకున్నాను. మూడో దాంట్లో ఎస్టర్ పోసి నడిపినాక ట్యాంకు మిషను నుంచి పట్టి తెచ్చిన నూనె. ఇంకా నాలుగు సీసాల్లో మందు కొలిచే మూతతో రెండు నూనెలూ తెలిసిన పాళ్ళలో కలుపుకున్నాను. వాటిని సంచిలో వేసుకొని నేను చదివిన కాలేజీకి పోయినాను. ఇరవై రెండేండ్ల తరవాత. గేటు దగ్గర వాచ్‌మన్, "ఎవరి అమ్మ మీరు?" అని అడిగినాడు. ఏ పిల్లకో అమ్మననుకున్నాడు. నేను ఇక్కడ చదివినాను అంటే నమ్మినట్టే తల ఊపినాడు.

ల్యాబులో ఉన్న లెక్చరరు నాకంటే చిన్నది. ఆమెకు తెలుగు రాదు, నాకు కన్నడ రాకపోతే ఈ ఊర్లో బతుకే లేదు. "యావ బ్యాచ్ అక్కా నీవు?" అంది, ఏ బ్యాచ్ మీరు అని. చెప్పినాను. పాల ట్యాంకు సంగతి, నూనె సంగతి కూడా చెప్పినాను. ఆమె సీసాలను వెలుగుకు ఎత్తి చూసి, బీరువా నుంచి పరికరం తీసి, మెత్తటి బట్టతో తుడిచి నా ముందర పెట్టింది. "నీవే మాడి," అంది. మీరే చెయ్యండి అని.

గాజు పలక మీద చుక్క వేసి మూసినాను. కన్ను పెట్టి చూస్తే వెలుగు, చీకటి రెండు సగాలుగా విడిపోయి, మధ్యలో గీత. ఆ గీతను సరిగ్గా నడిమికి తెచ్చే మరను ఏ తట్టు తిప్పాలో నా వేళ్ళు మర్చిపోలేదు. మినరల్‌కు ఒకటి పాయింటు నాలుగు ఎనిమిది దగ్గర, ఎస్టర్‌కు ఒకటి పాయింటు నాలుగు అయిదు దగ్గర వచ్చింది. నేను కలిపిన సీసాలు ఆ రెండింటి మధ్యన వరసగా పడినాయి. లెక్చరరు గ్రాఫు కాగితం తెచ్చింది. చుక్కలు పెట్టి గీత గీసినాము. తరవాత ట్యాంకు నూనె చూసినాము. మూడోవంతు పాత నూనె ఇంకా ఉంది.

ఆ పదిహేను రోజుల్లో మళ్ళీ రెండుసార్లు నూనె తీసి, కొత్తది పోసినాము. పోసి నడిపిన ప్రతిసారీ ఒక సీసాలో కొంచెం పట్టుకొని కాలేజీకి పోయినాను. రెండోసారి ఎనిమిదిలో ఒక వంతుకు వచ్చింది. మూడోసారికి ఇరవైలో ఒక వంతు కంటే తగ్గింది. గ్రాఫు కాగితం మడిచి ఇంటికి తెచ్చి మా ఆయన ముందర పరిచినాను. ఆయన కండ్లద్దాలు పెట్టుకొని, వేలితో గీత వెంబడి పోయి, ఆఖరి చుక్క దగ్గర ఆగినాడు. "ఇంత కింద ఉంటే సరిపోతాదా?"

"సరిపోతాది."

"అట్లయితే పోయి చెప్పొస్తాం పా."

సిరిగేరిలో ఆ సాయంత్రం ట్యాంకు ముల్లు నాలుగు మీదికి వచ్చి నిలబడే దాకా ఎవరూ ఇండ్లకు పోలేదు. రెండేండ్లవుతోంది, ఆ కంప్రెసరు మళ్ళీ మూలగలేదు. గాజు కన్నులో నూనె పోసిన మట్టంలోనే ఉంది.

ఇప్పుడు అంగట్లో ఎవరు నూనె అడిగినా, ముందు ఏ గ్యాసుకు అని అడుగుతాను. మొదట్లో కొందరు ముఖం చిట్లించినారు. "అప్ప లేడామ్మా?" అని లోపలికి తొంగి చూసేవాళ్ళు. మా ఆయన ఉంటే, "ఆమెనే అడుగు," అని తన పని తాను చూసుకునేవాడు. మొన్నామధ్య ఐసు ఫ్యాక్టరీ మెకానిక్కు ఒకాయన వచ్చి, అన్నిటికంటే మంచిది, ఖరీదైంది, ఆ ఎస్టరే కావాలన్నాడు. ఏ గ్యాసప్పా అంటే అమోనియా అన్నాడు. అమోనియాకు ఎస్టర్ పొరపాటున కూడా పోయకూడదు. రెండూ కలిస్తే లోపల జిగురులాగా గడ్డ కడుతుంది. దానికి మామూలు మినరలే సరి. ఖరీదైంది అమ్ముకోకుండా తక్కువది చేతిలో పెడుతున్నానని ఆయన నన్ను వింతగా చూసినాడు. కూర్చోబెట్టి చెప్పినాను. అమోనియాలో ఈ నూనె కూడా కరగదు, అయినా ఆ మిషన్లలో నూనెను విడిగా పట్టి అడుగు నుంచి తీసే ఏర్పాటు ఉంటుంది, ఆ పని రోజూ చేసేది మీరే కదా అంటే, "అవునమ్మా, నేనే తీస్తాను," అని నవ్వినాడు. నూనెల్లో మంచిదీ చెడ్డదీ లేదు. ఏది దేనికి అన్నదే ఉంది.

లెక్చరరుతో స్నేహం నిలిచింది. ఈ ఏడాది ఒక శనివారం ఆమె నన్ను కాలేజీకి పిలిచి, ఆఖరి ఏడాది ఆడపిల్లలకు ఈ సంగతి చెప్పమంది. ముప్పైమంది దాకా ఉన్నారు. తెలుగూ కన్నడమూ కలిపి నాకు వచ్చినట్టు చెప్పినాను. సీసాలు చేతికి ఇచ్చి వాళ్ళతోనే అంకెలు తీయించినాను. అంతా అయినాక, వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచింది.

"మేడం, నూనెతోనే ఇంత తంటా కదా. అసలు నూనె లేకుండా తిరిగే కంప్రెసరు చేయలేరా?"

తెలియదనే చెప్పి, కనుక్కొని చెబుతానన్నాను.

ఇంటికి వచ్చి మా ఆయనను అడిగినాను. ఆయన వాకిట్లో పంపు విప్పి కడుగుతున్నాడు. చేతులు తుడుచుకొని లేచినాడు.

"ఉండాదంట. పెద్ద పెద్ద బిల్డింగుల్లో పెడతారంట. అయస్కాంతంతో ఇరుసును గాల్లో నిలబెట్టి తిప్పుతారంట, ఆనేదే లేదు కాబట్టి నూనె పని లేదంట. నేనింకా చూడల్యా," అన్నాడు. పంపు పక్కన పెట్టి, "చూడల్ల. యాడుందో కనుక్కుందాం. ఆ పిల్లను కూడా పిలుచుకొని పోదాం," అన్నాడు.